ఇంట్లో చేసిన పీసీబీకి తగరం పూత: ద్రావణం పాలలా విరిగింది, తప్పు ఎక్కడ?

రాగిరేకు · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయవాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రాగి పొర ఉన్న పలక మీద ఇస్త్రీపెట్టెతో ప్రింటరు టోనర్ గీతలు అంటించి, మిగతా రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగించి (దీన్నే ఎచింగ్ అంటారు) పీసీబీలు, అంటే సర్క్యూట్ బోర్డులు, తయారు చేసుకుంటాను. పోయిన వానాకాలం ఒక ఆంప్లిఫయర్ బోర్డు చేసి, విడిభాగాలు వచ్చేవరకు అటక మీద పెట్టాను. రెండు వారాల తర్వాత తీసి చూస్తే రాగి అంతా గోధుమ రంగుకు తిరిగి, అక్కడక్కడా చిలుము పట్టి ఉంది. విడిభాగాలు అతికించడానికి కరిగించే సోల్డర్ అంటుకోకుండా గోళీలా దొర్లిపోయింది.

అందుకే ఈసారి తగరం పూత వేద్దామని ల్యాబ్ రసాయనాల దుకాణంలో స్టానస్ క్లోరైడ్, థయోయూరియా కొన్నాను. అర గ్లాసు మినరల్ వాటర్‌లో చెంచాడు స్టానస్ క్లోరైడ్ వేయగానే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఎంత కలిపినా కరగలేదు. థయోయూరియా వేసినా తేడా లేదు. ఎలాగూ కలిపాను కదా అని బోర్డు ముంచాను. పది నిమిషాలకు కొన్నిచోట్ల బూడిద రంగు వచ్చింది, కొన్నిచోట్ల రాగి రాగిలాగే ఉంది. అన్నిటికన్నా విచిత్రం, బోర్డు మూలన నా బొటనవేలి ముద్ర గీతలతో సహా రాగి రంగులో మిగిలిపోయింది. వేలిముద్రల యంత్రం మీద కూడా నా ముద్ర ఇంత స్పష్టంగా ఎప్పుడూ పడలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పండి.

తూనికరాయి · శనివారం, రాత్రి 10:15

బాబూ, రసాయనంలో తప్పు లేదు, వేసిన వరుసలో ఉంది. స్టానస్ క్లోరైడ్‌ను వట్టి నీళ్లలో వేస్తే నీటితోనే చర్య జరిపి కరగని క్షార లవణంగా మారుతుంది. నువ్వు చూసిన పాలు అదే. నీళ్లలో ముందే తగినంత ఆమ్లం ఉంటే ఆ చర్య సాగదు, గాజులా తేటగా కరుగుతుంది. డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్లు ప్రయోగశాలలో పాఠం చెప్పాను. ఏటా కనీసం ఇద్దరు ఈ పాలు తీసి చూపించి ‘మందు పాడైపోయింది సార్’ అనేవారు.

ఇంకొక మాట. ‘చెంచాడు’ అన్నావు. చెంచా కొలత ఉప్మాకు సరిపోతుంది. దీనికి 0.01 గ్రాము వరకు చూపించే చిన్న తూనిక కావాలి.

పాత_రేడియో · ఆదివారం, ఉదయం 6:20

అబ్బాయీ, అసలు ఈ గొడవంతా ఎందుకు? నలభై ఏళ్లుగా రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ దాకా వెళ్లి రోజిన్ గడ్డ (పైన్ చెట్టు జిగురు) కొనుక్కో. దాన్ని పొడి చేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, ఎచింగ్ అయిన వెంటనే కుంచెతో ఒక పూత వెయ్యి. అరగంటలో ఆరుతుంది. చిలుము పట్టదు, సోల్డర్ చేసేటప్పుడు అదే ఫ్లక్స్‌గా, అంటే సోల్డర్ బాగా అంటుకునేలా చేసే మందుగా, పనిచేస్తుంది. ఆమ్లాలు లేవు, విషాలు లేవు.

తగరం పూత అంటే నాకు గుర్తొచ్చేది కళాయి. మా చిన్నప్పుడు వీధిలోకి కళాయి వేసే మనిషి వచ్చి, గుంట తవ్వి కొలిమి పెట్టేవాడు. ఇత్తడి గిన్నె ఎర్రగా కాలాక నవాసాగరం చల్లేవాడు. తెల్లటి పొగ గుప్పున లేచేది. ఆ పొగలోనే తగరం కడ్డీ ఆనించి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల అద్దంలా మెరిసేది. మీరు ఇప్పుడు నీళ్లలో ముంచి ఆ పని చేస్తామంటున్నారు.

రాగిరేకు · ఆదివారం, ఉదయం 8:05

మాస్టారూ, ధన్యవాదాలు. ఏ ఆమ్లం వాడాలి? దుకాణంలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం అడిగితే గుర్తింపు కార్డు, దేనికి వాడతానో రాసి ఇమ్మన్నారు. కొంచెం భయపడి వచ్చేశాను.

రేడియో బాబాయ్ గారూ, మీరు చెప్పిన రోజిన్ కూడా వాడి చూశాను. బాగానే ఉంది గానీ చేతికి జిగురు అంటుతోంది, దుమ్మంతా పడుతోంది. పైగా ఈ బోర్డులో మీటలు నొక్కే చోట రాగి పలకలు బయటే ఉండాలి. వాటి మీద రోజిన్ ఉంటే కుదరదు.

తూనికరాయి · ఆదివారం, ఉదయం 9:30

దుకాణదారు సరిగానే చేశాడు. ఆమ్ల దాడుల కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత విడిగా ఆమ్లం అమ్మేవారు కొన్నవారి వివరాలు పుస్తకంలో రాయాలి, చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. భయపడకుండా కార్డు చూపించు.

గాఢ ఆమ్లమే అక్కరలేదు. బ్యాటరీలో పోసే కొత్త ఆమ్లం చాలు. పాత బ్యాటరీలోంచి తీసింది మాత్రం వద్దు, అందులో సీసం ఉంటుంది. మరుగుదొడ్లు కడిగే ఆమ్లమూ వద్దు, ఆ పసుపు రంగు సాధారణంగా ఇనుముది.

లీటరుకు నేను నమ్మే పాళ్లు ఇవి: స్టానస్ క్లోరైడ్ 3.8 గ్రాములు, థయోయూరియా 49.5 గ్రాములు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 12 మిల్లీలీటర్లు. ఆ 12 మిల్లీలీటర్లలో ఉన్నది సుమారు 21.6 గ్రాముల ఆమ్లం. 1.25 సాంద్రత ఉన్న బ్యాటరీ ఆమ్లంలో బరువులో మూడో వంతు ఆమ్లం ఉంటుంది కాబట్టి దాదాపు 50 మిల్లీలీటర్లు పడుతుంది. నీకు లీటరు ఎందుకు? 200 మిల్లీలీటర్లు చేసుకో. స్టానస్ క్లోరైడ్ 0.76 గ్రాములు, థయోయూరియా 10 గ్రాములు, బ్యాటరీ ఆమ్లం 10 మిల్లీలీటర్లు.

వరుస తప్పకు. గాజు బీకరులో 100 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని అందులో ఆమ్లాన్ని సన్నటి ధారగా పొయ్యి. ఆమ్లంలో నీళ్లు ఎప్పుడూ పోయకు, చిమ్ముతుంది. ఆ గోరువెచ్చదనంలోనే స్టానస్ క్లోరైడ్ వేసి పూర్తిగా తేటపడేవరకు కలుపు. తర్వాత థయోయూరియా కొంచెం కొంచెంగా వెయ్యి. అది కరిగేటప్పుడు బీకరు చల్లబడుతుంది, కంగారు పడకు. చివరికి నీళ్లు పోసి 200కు తీసుకురా. కాస్త మసకగా ఉంటే వడపోత కాగితంలో వడకట్టు.

చిన్నబోర్డు · ఆదివారం, ఉదయం 11:50

తమ్ముడూ, మాస్టారు గారు చెప్పని రెండు విషయాలు నేను చెబుతాను, రెండింట్లోనూ నాకు దెబ్బ తగిలింది కాబట్టి.

మొదటిది నీళ్లు. మినరల్ వాటర్, ఫిల్టరు నీళ్లు పనికిరావు. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో.

రెండోది నీ బొటనవేలి ముద్ర. అది నూనె. ఈ పూత అక్షరాలా రాగికీ తగరానికీ మధ్య జరిగే మార్పిడి, మధ్యలో నూనె పొర ఉంటే రాగి ద్రావణాన్ని తాకదు. నేను పచ్చటి పీచుతో నీళ్లలోనే రుద్దుతాను, తర్వాత పాత్రలు తోమే సబ్బుతో కడుగుతాను. ఆ క్షణం నుంచి బోర్డును అంచులతో మాత్రమే పట్టుకుంటాను. కడిగిన బోర్డును ఏటవాలుగా పట్టుకుని చూడు. నీళ్లు ఒకే పొరలా జారాలి. ఎక్కడైనా విడిపోయి చుక్కలుగా నిలబడితే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్లీ రుద్దాలి. చివరగా పలచటి ఆమ్లంలో అర నిమిషం ముంచి, కడిగి, ఆరనివ్వకుండా తడిగానే పూత ద్రావణంలోకి దించాలి.

మా అమ్మ రాగి బిందెలు తోమినట్టు చింతపండు, ఉప్పుతో కూడా ఒకసారి చేశాను. రాగి ధగధగలాడింది. కానీ చింతపండు గుజ్జు సన్నటి గీతల మధ్య ఇరుక్కుంటుంది, దాన్ని వదిలించడానికి మళ్లీ సబ్బే కావాలి. కాబట్టి మొదటే సబ్బు.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. పూత త్వరగా పడాలని బీకరును కాయిల్ హీటరు మీద పెట్టి మరిచిపోయాను. వెనక్కి వచ్చేసరికి ఇల్లంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన, బోర్డు పెనంలా నల్లగా! థయోయూరియాలో గంధకం ఉంటుంది. ఆమ్లంలో బాగా వేడి చేస్తే అది విడిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. అది విషవాయువు. మా ఆయన కిటికీలన్నీ తెరిచి, ‘ఇక మీదట నీ వంటలు బాల్కనీలోనే’ అన్నారు. ఆయన అన్నది నిజమే. థయోయూరియా క్యాన్సర్ కారకం కావచ్చని అనుమానం ఉంది, థైరాయిడ్ మీద ప్రభావం చూపుతుంది, కడుపులో బిడ్డకూ హాని అనే హెచ్చరిక ఉంది. వంటింట్లో వద్దు, వంట గిన్నెల్లో వద్దు. పొడి తూచేటప్పుడు మూతికి మాస్కు, చేతులకు నైట్రైల్ తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి. గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ పని పూర్తిగా మానెయ్యండి.

ఫ్లక్స్‌పొగ · ఆదివారం, మధ్యాహ్నం 3:10

బెంగళూరులో ఒక బోర్డుల కర్మాగారంలో పూత విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. కరెంటు లేకుండా పూత ఎలా పడుతుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

మామూలుగా అయితే ఇది జరగకూడదు. ఏ లోహం దేన్ని ద్రావణంలోంచి బయటకు నెట్టగలదో చెప్పే ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టికలో రాగి ప్లస్ 0.34 వోల్టుల దగ్గర, తగరం మైనస్ 0.14 దగ్గర ఉంటాయి. అంటే ద్రావణంలో ఉన్న రాగిని తగరం బయటకు నెట్టగలదు గానీ, తగరాన్ని రాగి నెట్టలేదు. ఉత్త స్టానస్ క్లోరైడ్ ద్రావణంలో రాగి ముక్కను రోజంతా ఉంచినా ఏమీ కాదు. థయోయూరియా వచ్చి ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. అది రాగి అయాన్లను గట్టిగా పట్టుకుని వదలదు. అలా పట్టుకోవడంతో రాగి కరగడానికి సిద్ధపడి, తగరం కన్నా కిందికి దిగిపోతుంది. రెండు రాగి పరమాణువులు కరిగితే ఒక తగరం పరమాణువు పైన కూర్చుంటుంది.

రేడియో గారి కళాయికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. కళాయిలో తగరం కరిగి పరుచుకుంటుంది, ఎంత మందం కావాలంటే అంత వేయవచ్చు. ఇక్కడ రాగి కనిపించినంత సేపే పూత పెరుగుతుంది. పైన కప్పు పడిపోతే ఆగిపోతుంది. అందుకే అరగంట ఉంచినా, రాత్రంతా ఉంచినా మందంలో పెద్ద తేడా రాదు. మా దగ్గర 70 డిగ్రీల తొట్టెల్లో వేసేవాళ్లం, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ వాడే ఐపీసీ 4554 ప్రమాణం ప్రకారం కనీసం 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి. ఇంట్లో అంత రాకపోయినా నష్టం లేదు. 35, 40 డిగ్రీలు చాలు, మే నెలలో విజయవాడలో అయితే బీకరును వేడి చేయనక్కరలేదు.

యూరప్‌లో 2006 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసం మీద ఆంక్షలు వచ్చాక కర్మాగారాలు ఈ పూతను ఎక్కువగా పట్టించుకున్నాయి. ఉపరితలం చదునుగా ఉంటుంది, సన్నటి కాళ్లున్న చిప్‌లు చక్కగా కూర్చుంటాయి.

పాత_రేడియో · ఆదివారం, సాయంత్రం 5:45

రాగి కరిగి తగరం కూర్చుంటుందంటే, గీతలు పలచబడి తెగిపోవా? పైగా 200 మిల్లీలీటర్లకు ఇంత ఖర్చు పెట్టి రెండు బోర్డులకే అయిపోతే దండగ కదా.

ఫ్లక్స్‌పొగ · ఆదివారం, రాత్రి 8:30

మంచి ప్రశ్న అడిగారు, లెక్క వేద్దాం. 100 చదరపు సెంటీమీటర్ల రాగి మీద 1 మైక్రాన్ తగరం అంటే 0.073 గ్రాములు. దానికి కరిగే రాగి 0.078 గ్రాములు, మందంలో చెప్పాలంటే సుమారు 0.87 మైక్రాన్లు. మామూలు బోర్డు మీద రాగి 35 మైక్రాన్లు ఉంటుంది. నలభయ్యో వంతు పోతే గీత తెగదు.

ఇక ఖర్చు. 0.76 గ్రాముల స్టానస్ క్లోరైడ్‌లో తగరం 0.4 గ్రాములు. అబ్బాయి బోర్డు 10 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు అనుకుందాం. ఎచింగ్ తర్వాత మూడో వంతు రాగి మిగిలితే ఒక్కో బోర్డుకు 0.02 గ్రాములు చాలు. కాగితం మీద ఇరవై బోర్డులు వస్తాయి. ద్రావణంలో రాగి పేరుకునే కొద్దీ పూత మందగిస్తుంది కాబట్టి పదింటికి ఆపేయమంటాను.

పాత_రేడియో · ఆదివారం, రాత్రి 9:05

పది బోర్డులు వస్తే సరే. నేను మాత్రం రోజిన్ వదలను.

అట్లాంటా_తెలుగు · సోమవారం, ఉదయం 7:30

ఇక్కడ ఎం.జి. కెమికల్స్ వారి లిక్విడ్ టిన్ అని కలిపిన ద్రావణమే సీసాల్లో దొరుకుతుంది, నేను అదే వాడతాను. ఇండియాలో ఉన్నవాళ్లు ఆమ్ల ద్రావణాన్ని కొరియర్‌లో తెప్పించుకునే బదులు మాస్టారి పద్ధతిలో కలుపుకోవడమే మేలు.

ఒక హెచ్చరిక. శుద్ధ తగరం మీద కాలక్రమేణా వెంట్రుకల్లాంటి సన్నటి స్ఫటికాలు మొలుస్తాయి. పక్క గీతను తాకితే షార్ట్ అవుతుంది. 1998 మే 19న గెలాక్సీ 4 అనే ఉపగ్రహం పనిచేయడం మానేసి, అమెరికాలో పేజర్లలో అధిక భాగం మూగబోయాయి. దాని నియంత్రణ కంప్యూటర్‌లో మొలిచిన తగరపు వెంట్రుకే కారణమని తేల్చారు. మీ ఆంప్లిఫయర్‌కు ఇంత భయం అక్కరలేదు, సోల్డర్ కప్పిన చోట సీసం కలుస్తుంది కాబట్టి ఆ బెడద తగ్గుతుంది. కానీ వైద్య పరికరం లాంటిది చేస్తూ ఈ పూత మీద ఆధారపడవద్దు.

చిన్నబోర్డు · సోమవారం, ఉదయం 10:20

ఇంకొకటి కలుపుతాను. పూత వేశాం కదా అని బోర్డును ఏళ్ల తరబడి దాచకండి. కింది రాగి, పైని తగరం చల్లగా ఉన్నా ఒకదానిలోకి ఒకటి పాకి మిశ్రమ లోహంగా మారిపోతుంటాయి. పొర అంతా అలా మారిపోయాక సోల్డర్ మళ్లీ మొరాయిస్తుంది. నా అనుభవంలో ఆరు నెలల లోపు సోల్డర్ చేసినవన్నీ చక్కగా వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత తీసినది మళ్లీ రుద్దాల్సి వచ్చింది.

నిర్వాహకుడు · సోమవారం, మధ్యాహ్నం 12:00

వాడేసిన ద్రావణాన్ని సింకులో పోయవచ్చా అని ముగ్గురు విడిగా సందేశాలు పంపారు. పోయకూడదు. రాగి, థయోయూరియా రెండూ నీటిలోని జీవులకు విషం. వంటసోడా వేస్తే ఆమ్లం విరిగి తగరం అడుగుకు దిగుతుంది గానీ, థయోయూరియా పట్టుకున్న రాగి చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పేరు రాసి, మీ కళాశాల రసాయన ప్రయోగశాల వ్యర్థాల్లో కలపమని అడగండి. బ్లీచింగ్ ద్రావణంతోనో, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిన ఎచింగ్ నీళ్లతోనో దీన్ని ఒకే డబ్బాలో పోయవద్దు. బాగా వేడెక్కి పొంగుతుంది.

రాగిరేకు · మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:15

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి వరుస ప్రకారం కలిపాను, నీళ్లలా తేటగా వచ్చింది. అక్క చెప్పినట్టు బోర్డును నీటి పొరతో పరీక్షించాను. మూడుసార్లు రుద్దితే గానీ పొర నిలవలేదు. ద్రావణంలోకి దించిన పది సెకన్లకే ఎర్రటి రాగి గులాబీ రంగుకు తిరిగి, చూస్తుండగానే వెండిలా తెల్లబడింది. పది నిమిషాలు ఉంచి తీశాను. ముందు చన్నీళ్లతో, తర్వాత వేణ్నీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాను. మెరుపు తక్కువే, కొత్త స్టీలు గ్లాసులా కాకుండా పాత అల్యూమినియం గిన్నెలా ఉంది. కానీ సోల్డర్ పెట్టగానే నీళ్లు పరుచుకున్నట్టు పాకింది.

ఒక్కటే సమస్య. మిగిలిన ద్రావణాన్ని సీసాలో సగం వరకు పోసి ఉంచాను. ఈరోజు చూస్తే మళ్లీ మసక, అడుగున తెల్లటి మడ్డి. ఈసారి ఆమ్లం ఉంది కదా మాస్టారూ, మళ్లీ ఎందుకు?

తూనికరాయి · శుక్రవారం, రాత్రి 10:00

ఈసారి దోషం నీళ్లది కాదు, గాలిది. సగం ఖాళీ సీసాలో ఉన్న ఆక్సిజన్ తగరాన్ని ఆక్సీకరణలో రెండో మెట్టు నుంచి నాలుగో మెట్టుకు తోసేసింది. ఆ నాలుగో మెట్టు తగరం ఇంత పలచటి ఆమ్లంలో నిలవదు, తెల్లగా దిగిపోతుంది. మెత్తటి ప్లాస్టిక్ సీసాలో పోసి, ద్రావణం మూతి దాకా వచ్చేలా నొక్కి, అలాగే మూత బిగించు. సీసాలో ఒక శుద్ధ తగరం ముక్క వేసి ఉంచితే ఇంకా మంచిది. నాలుగో మెట్టుకు ఎక్కినదాన్ని అది మళ్లీ రెండో మెట్టుకు దించుతుంది. ఇప్పటికే అడుగున చేరిన మడ్డి మాత్రం తిరిగి కరగదు, వడకట్టి పారబొయ్యి. పారబోయడమంటే నిర్వాహకుడు గారి డబ్బాలోకి.

సోల్డర్ తీగ ముక్క వేసేవు సుమా, అందులో సీసం ఉంటుంది.

పాత_రేడియో · శనివారం, ఉదయం 6:10

శుద్ధ తగరం కావాలా? ఇప్పుడు అడిగావు నాకు తెలిసిన సంగతి. మీ పాత బస్తీలో కళాయి వేసేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే అడుగు, వేలెడంత కడ్డీ ఇస్తారు. అయితే చవక కోసం సీసం కలిపేవాళ్లూ ఉన్నారు, చూసి తీసుకో. కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా వంచు. శుద్ధ తగరం కరకరమని ఏడుస్తుంది. లోపలి స్ఫటికాలు జరిగే చప్పుడది. సీసం ఎక్కువ కలిస్తే ఆ ఏడుపు ఉండదు. ఇంకా అనుమానమైతే ఉష్ణోగ్రత చూపించే సోల్డరింగ్ ఐరన్‌ను 210 దగ్గర పెట్టి ఆనించు. తగరం కరగాలంటే 232 డిగ్రీలు కావాలి. సీసం బాగా కలిసి ఉంటే 210కే మెత్తబడుతుంది.

రాగిరేకు · ఆదివారం, సాయంత్రం 6:30

బాబాయ్ గారూ, దొరికింది! పాత బస్తీ అంతా తిరిగితే ఒక పెద్దాయన ఉన్నారు. దేనికని అడిగితే బోర్డు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది కళాయి కాదు, రంగు’ అన్నారు. కడ్డీ ముక్కకు డబ్బులు మాత్రం తీసుకున్నారు. ఇంటికి వచ్చి చెవి దగ్గర పెట్టి వంచాను. నిజంగానే ఏడిచింది, ఎండిన అప్పడం దూరంగా ఎక్కడో విరిగినట్టు. 210 దగ్గర చెక్కు చెదరలేదు.

ద్రావణం వడకట్టి, ముక్క సీసాలో వేసి, నొక్కి మూత పెట్టాను. రేపు రెండో బోర్డు ముంచుతాను.